ఆఖరి పాటలో వాన

ఆ వానాకాలం మొదలైనప్పుడు మా ఇంట్లో ముగ్గురం ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాళ్ళం, నాలుగో మనిషి మమ్మల్ని తిడుతూ కూర్చునేది. తిట్టే మనిషి మా అత్తయ్య. చూసే ముగ్గురూ నేనూ, మా ఆయనా, ఉరుమూ. ఉరుమంటే మా డ్రమ్మరు. అసలు పేరు వాళ్ళమ్మకైనా గుర్తుందో లేదో. పగలంతా బైకుల మెకానిక్ షెడ్డులో నట్లు బిగిస్తాడు, సాయంత్రం మా పెరట్లోకొచ్చి డ్రమ్ముల మీద పడతాడు. పాడేదీ వాడే. గొంతులో కంకర పోసుకుని పుట్టాడు.

నేను స్కూలు బస్సు నడుపుతాను, గిటార్ వాయిస్తాను. సాయంత్రాలు చల్లగా వినే గిటార్ కాదు, కిటికీ అద్దాలు వణికే గిటార్. కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్య పక్కింటావిడతో, "మావాడు కోడల్ని తెచ్చాడనుకున్నా, రంపం తెచ్చాడు" అంది. ఆ మాట గోడ దాటి, వీధి దాటి, స్టేజీల మీదికి కూడా వచ్చేసింది. ఇప్పుడు జనానికి నేను రంపాన్నే. ఇన్నేళ్ళూ ఎవరెవరి ఫంక్షన్లలోనో ఎవరెవరి పాటలో వాయించి, చివరికి నా పాటలతో నా ఆల్బం చేసుకునే రోజొస్తే, దానికి ఆ పేరే పెట్టాను.

స్టూడియో అంటే ఏదో ఊహించుకోకండి. పెరట్లో మా ఆయన యాంప్లిఫయర్లు బాగుచేసే రేకుల షెడ్డు, గోడలకి పాత పరుపులు, నేల మీద కాలికి చుట్టుకునే వైర్లు. మధ్యలో మహారాజులా టేపు మిషను. మూతబడ్డ స్టూడియోలోంచి తుక్కు కింద తెచ్చి, ఏడాది పాటు దాంతో కుస్తీ పట్టి ప్రాణం పోశాడాయన. ఆ టేపు మీద ఒక్కో వాద్యానికి ఒక్కో ట్రాకు. ఉన్న ట్రాకులన్నీ నిండితే ఇంక ఖాళీ ఉండదు. నిండిన ట్రాకు మీద ఎర్ర బటన్ నొక్కి మళ్ళీ వాయించారా, అంతకుముందున్నది పోయినట్టే. కాళ్ళు పట్టుకున్నా తిరిగి రాదు.

ఇంక పైన రేకులు. చినుకు పడితే చాలు, లోపల శనగలు వేయించినట్టు గోల. అందుకే ఆకాశం వంక చూసేవాళ్ళం. వాన లేకపోతే డ్రమ్స్, బేస్ గిటార్, పాట. వాన పడితే నా గిటార్. నా గిటార్ మోతలో వాన కాదు కదా, పిడుగు పడ్డా వినపడదని మా ఆయన లెక్క. దాంతో మబ్బు పట్టిందంటే నేను బస్సు స్టాండులో పెట్టి ఇంటికి పరుగు, మబ్బు విడిచిందంటే ఉరుము మెకానిక్ షెడ్డులో స్పానర్ పారేసి పరుగు.

"వాతావరణ శాఖ వాళ్ళు కూడా ఇంత పరిగెత్తరు" అనేది అత్తయ్య.

మా ఆయన గురించి ఒక మాట చెప్పాలి. మేం కలిసినప్పుడు లీడ్ గిటార్ వాయించేది ఆయనే. నా వాయింపు విని, "నీ ముందు నేను వాయించడమేంటి? నేను బేస్ పట్టుకుంటా" అన్నాడు. ఎంత పెద్ద మనసండీ అని అందరూ మెచ్చుకున్నారు. ఏళ్ళ తరబడి మెచ్చుకుంటూనే ఉన్నారు. నేనూ మెచ్చుకున్నాను. నా మొహం!

ఆఖరి పాట ఒక్కటే మిగిలింది. పాడటం అయిపోయాక చాలాసేపు నా గిటారే ముందు నడవాలి. మధ్యలో ఒకచోట డ్రమ్స్, బేస్ టక్కున ఆగిపోతాయి, నేనూ ఆగిపోతాను. ఊపిరి పట్టినంతసేపు ఏమీ ఉండదు. ఆ తర్వాత ముగ్గురం ఒక్కసారిగా వచ్చి పడాలి. డ్రమ్స్, బేస్ ఎండ కాసిన రోజున ముందే ఎక్కించేశారు. నాది వానకోసం ఆగింది.

వచ్చింది మహాతల్లి. మిట్టమధ్యాహ్నం లైట్లు వేసుకోవాల్సినంత మబ్బు, రేకులు చిల్లులు పడతాయేమోనన్నంత వాన. నా ఎడమచేతి ఉంగరపు వేలు ఆ రోజు పొద్దుట్నుంచీ మొరాయిస్తోంది. బస్సు గేరు మొండిది, దాన్ని లాగీ లాగీ ఆ వేలు కొయ్యలా బిగుసుకుపోయింది. అందుకని తీగని ఆ వేలితో కాకుండా మధ్యవేలితో సాగదీస్తాను. నెమ్మదిగా సాగుతుంది, ఏడ్చినట్టు సాగుతుంది. అందరూ అలా వాయించరు. నేను వాయిస్తాను.

మొదలుపెట్టాను. ఏం వాయించానో విడమర్చి చెప్పలేను గానీ, బస్సులో నన్ను 'ఏయ్ డ్రైవరూ' అన్న ప్రతివాడూ, స్టేజీ కింద నిలబడి 'ఆడది ఏం వాయిస్తుందిరా' అన్న ప్రతివాడూ ఆ వాయింపులో ఉన్నాడు. ఆగాల్సిన చోట అరచేత్తో తీగల్ని అదిమేశాను. నిశ్శబ్దం లేదు. వాన ఉంది. షెడ్డు నిండా వాన. అంతసేపూ నా కిందే ఉండి, నేను ఆగగానే పైకొచ్చింది. అది వింటూ ఉండిపోయాను. చెవుల్లో హెడ్‌ఫోనులోంచి డ్రమ్స్ వచ్చేశాయి, బేస్ వచ్చేసింది. నేను ఇంకా వింటూనే ఉన్నాను. అప్పుడొచ్చాను, వాటి వెనక, మధ్యవేలితో తీగని లాక్కుంటూ.

అయిపోయేసరికి ఉరుము నోరు వెళ్ళబెట్టుకుని ఉన్నాడు. "వదినా, ఇంక నేను నట్లే బిగించుకుంటా" అన్నాడు.

మా ఆయన టేపు ఆపి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అద్భుతం. కాకపోతే ఆ గ్యాప్ తర్వాత కొంచెం ఆలస్యంగా వచ్చావు. ఇంకోసారి తీద్దామా?"

"వద్దు."

"వేలు నొప్పా?"

"వేలూ నొప్పే, అప్పుడే రావాలనీ అనిపించలేదు. అది అలాగే ఉంటుంది. ముట్టుకోకు."

"సరే సరే" అన్నాడు. ఆ రెండో 'సరే' నాకు అప్పుడే అనుమానం తెప్పించాల్సింది.

ఆ తర్వాత కొత్త బస్సులొస్తున్నాయని డ్రైవర్లందరినీ పక్క ఊరికి ట్రైనింగుకి పంపారు. ఆ వారమంతా ఒక్క చినుకు లేదు. తిరిగొచ్చేసరికి ఇల్లు చిత్రంగా ఉంది. అత్తయ్య నన్ను తిట్టలేదు. పైగా టీ పెట్టిచ్చింది. మా ఆయన నా బ్యాగు అందుకున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ బ్యాగు ఆయన ఎప్పుడు మోశాడు గనక! "మిక్సింగ్ అయిపోయింది. ఆల్బం అట్టలు కూడా ప్రింటయి వచ్చాయి" అన్నాడు, నా మొహం చూడకుండా. అట్ట తిప్పి చూశాను. 'లీడ్ గిటార్: రంపం' అని పెద్దక్షరాలు. ఆ అక్షరాలు తడిమి మురిసిపోయాను. పిచ్చిదాన్ని.

మర్నాడు ముగ్గురం షెడ్డులో కూర్చుని మొదట్నుంచీ విన్నాం. బయట ఎండ పెళపెళలాడుతోంది. బాగుంది, అబద్ధమెందుకు, ఒక్కో పాటా ఒంటి మీద పెద్ద బండి వెళ్ళినట్టుంది. ఆఖరి పాట మొదలైంది. మా ఆయన లేచి వెళ్ళి ఏదో స్క్రూడ్రైవర్ వెతకడం మొదలెట్టాడు. ఉరుము చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

గిటార్ వచ్చింది. నా స్వరాలే, వరస తప్పకుండా. గ్యాప్ వచ్చింది. అందరూ ఆగారు. నిశ్శబ్దం. శుభ్రమైన, పొడి నిశ్శబ్దం. తర్వాత ముగ్గురూ ఒక్కసారిగా వచ్చి పడ్డారు, వెంట్రుకవాసి తేడా లేకుండా.

"వెనక్కి తిప్పు" అన్నాను.

తిప్పాడు. మళ్ళీ విన్నాను.

"వాన ఏది?"

"ఆ... అదా? మిక్సింగులో తీసేశా. శబ్దం శుభ్రం చేశానన్నమాట" అని నీళ్ళు నమిలాడు.

"నా తీగల మోతలో కలిసిపోయిన వానని చేత్తో ఏరేశావా? బియ్యంలో రాళ్ళా అవి?"

మళ్ళీ వెనక్కి తిప్పించాను. ఈసారి తీగ సాగే చోట చెవి పెట్టాను. గబుక్కున సాగింది, చక్కగా వణికింది. ఉంగరపు వేలు. ఆరోగ్యంగా, హాయిగా వంగే ఉంగరపు వేలు.

"ఇది ఎవరి చెయ్యి?"

చివరికి ఉరుమే బద్దలయ్యాడు. "వదినా, నా తప్పు కూడా ఉంది. అన్న ఆ గ్యాప్ తర్వాతి ముక్క ఒక్కటే సరిచేద్దామన్నాడు. నువ్వు ఆలస్యంగా వచ్చిన ముక్క. అన్న గిటార్ పట్టుకున్నాడు, బటన్ నన్ను నొక్కమన్నాడు. గ్యాప్ అయిపోగానే నొక్కాలి. నేను ముందే నొక్కేశా."

"ముందంటే?"

"గ్యాప్ కంటే ముందే. నీ వాయింపులో కొంత, ఆ వాన, అన్నీ కొట్టుకుపోయాయి. అక్కడ తెగినట్టు తెలిసిపోతోంది. అతుకు పడటం లేదు. అందుకని అన్న..."

"మొత్తం మొదట్నుంచీ వాయించేశాడు" అని నేనే పూర్తి చేశాను.

అరికాలి మంట నెత్తికెక్కిందంటారే, అది నాకు ఆ రోజు తెలిసింది. "కాపీ తీసిపెట్టలేదా?" అనడిగాను, ఆశ చావక.

"తీద్దామనే అనుకున్నా. ముందు ఇది సరిచేసి తీద్దామని..." మా ఆయన నా ముందుకొచ్చి కూర్చున్నాడు. "చూడు, నీ స్వరాలే అవి. ఒక్కటి కూడా మార్చలేదు. పేరు కూడా నీదే వేశాం కదా! ఎవరికీ తెలీదు."

"ఎవరికీ తెలీదా? నేనెవర్ని?"

"అది కాదు. నీ వేలు నొప్పి చూడలేక..."

"నా వేలి జోలికి రాకు!" గట్టిగా అరిచానేమో, పక్కింటి కుక్క మొరిగింది. "ముట్టుకోకు అన్నానా లేదా? సరే సరే అన్నావా లేదా? చెడిపోయిందని ఫోన్ చేసి చెప్తే ఏడ్చేదాన్ని, తిట్టేదాన్ని, వచ్చి మళ్ళీ వాయించేదాన్ని. నువ్వు వాయించి నా పేరు రాశావు. నీకు లీడ్ వాయించాలని ఉంటే అడగొచ్చుగా! ఇన్నేళ్ళూ త్యాగమూర్తిలా బేస్ పట్టుకుని నిలబడి, నేను ఊళ్ళో లేనప్పుడు నా పేరు తొడుక్కుని కోరిక తీర్చుకుంటావా?"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆయన మొహం పాలిపోయింది. కాదనలేదు. కాదని ఉంటే నేను ఇంకాస్త తిట్టి ఊరుకునేదాన్నేమో. కాదనలేదు.

"బాగా వాయించాను" అన్నాడు నేల చూస్తూ. "అది మాత్రం నిజం."

చేతిలో ఉన్న అట్ట ఆయన ఒళ్ళోకి విసిరి బయటికొచ్చేశాను.

వంటింట్లో అత్తయ్య అన్నీ విన్నట్టే ఉంది. ఆ ఇంట్లో వినపడనిదేముంది. కొడుకుని వెనకేసుకొస్తుందని, దాంతో ఈవిడ సంగతి కూడా తేల్చేద్దామని పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను.

"మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు. వాడు వాయిస్తుంటే ఈ పక్కగదిలోనే పడుకుని ఉన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?"

"మొగుడూ పెళ్ళాల మధ్య నేను దూరితే నన్నే అంటావు కదే! వాడే చెప్పాలని వాడికి చెప్పా. చెప్తానన్నాడు. చెప్పి చావలేదు." స్టవ్ కట్టేసి నా వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్తా విను. నువ్వు షెడ్డులో మొదలెడితే నా మంచం కోళ్ళు అదురుతాయి. ఇన్నేళ్ళలో ఒక్క మధ్యాహ్నం కునుకు తియ్యనిచ్చావా? ఆ రోజు వాడు వాయిస్తుంటే నాకు హాయిగా నిద్రపట్టేసింది."

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. ఆవిడ కూడా నవ్వలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటల్లేవు. ఆయన టేపు మిషను తుడిచిందే తుడుస్తూ కూర్చునేవాడు. ఉరుము వచ్చి గుమ్మంలో కుక్కిన పేనులా నిలబడి, వదినా అని పిలిచి వెళ్ళిపోయేవాడు. ఒకరోజు మా ఆయనే నోరు తెరిచాడు. "మళ్ళీ వాయించు. ఎలా వస్తే అలాగే ఉంచేస్తా. నీకు మొక్కుతా."

"ఆ వాయింపు ఆ రోజుది. నువ్వు చెరిపేశావు గనక ఇప్పుడు ఆర్డరు మీద ఇంకోటి చేసివ్వాలా?"

"మరి ఏం చేద్దాం? ఆల్బం విడుదల చేస్తానన్న పాటల షాపాయన తొందరపెడుతున్నాడు."

"నీ పేరు రాయి అయితే. ఆఖరి పాట లీడ్ గిటార్ ఫలానా అని."

"నవ్వుతారు. ఎందుకలా అని అడుగుతారు" అన్నాడు, భయం భయంగా.

"అడుగుతారు కదా! అదే నాక్కావాల్సింది."

రాయలేదు. వానాకాలం అయిపోవచ్చింది. మబ్బులు పైకొచ్చి మొహం చూపించి వెళ్ళిపోతున్నాయి. నేను బస్సు అద్దంలోంచి రోజూ వాటినే చూస్తున్నాను. ఒక సాయంత్రం పిల్లల్ని దింపేసి తిరిగొస్తుంటే అద్దం మీద టపటపా పడ్డాయి. బస్సుని స్టాండుకి కూడా తీసుకెళ్ళలేదు, తిన్నగా మా వీధి చివర ఆపి షెడ్డులోకి పరిగెత్తాను.

మా ఆయన ఎవరిదో యాంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా నా గిటార్ కేసు తెరిచాడు. "ఉండు, తీగలు సరిచేస్తా" అన్నాడు.

"గిటార్ అక్కడ పెట్టు. ఆఖరి పాట టేపు ఎక్కించు."

ఎక్కించాడు. నా యాంప్లిఫయర్ ముందుండే మైకు స్టాండుని లాక్కొచ్చి షెడ్డు మధ్యలో నిలబెట్టి, మైకు మూతి పైకి, రేకులవైపు తిప్పాను. ఆయనకి అప్పటికి అర్థమైంది.

"వద్దు. ఒక్కసారి ఆలోచించు. అది పోతే అక్కడ గిటారే ఉండదు. ఆల్బం నీది, గిటార్ ఆల్బం..."

"నా ట్రాకులో నువ్వుండవు."

టేపు తిరిగింది. హెడ్‌ఫోనులో ఉరుము గొంతు అయిపోయింది. లీడ్ మొదలవ్వాల్సిన చోట, సరిగ్గా ఆ చోట, ముందూ కాదు వెనకా కాదు, ఎర్ర బటన్ నొక్కాను. ఇద్దరం అలా నిలబడ్డాం. వాన దంచికొట్టింది. మైకు ముందు ఉన్నందుకు నేను అరవకూడదు, ఆయన బతిమాలకూడదు. అదొక్కటే బాగుంది. ఆయన బాగా వాయించిందంతా, స్వరం తర్వాత స్వరం, చినుకుల కింద పడి పోయింది. నిజంగానే బాగా వాయించాడు పాపం. పాపం అనిపించింది, కానీ వేలు బటన్ మీంచి తీయలేదు.

ఆల్బంని ఆ షాపులోనే విడుదల చేశారు. చిన్న షాపే, జనం మెట్ల మీద కూడా కూర్చున్నారు. పాటలన్నీ పెద్ద స్పీకర్లలో వేసి, తర్వాత మమ్మల్ని వాయించమన్నారు. ఆఖరి పాట అవగానే మెట్ల మీంచి ఒకమ్మాయి లేచింది.

"రంపం గారూ, ఆఖర్న గిటార్ ఏదండీ? గిటార్ ఉండాల్సిన చోట వాన తప్ప ఏం లేదు. ఎందుకలా చేశారు?"

షాపాయన మైకు నా చేతికిచ్చాడు. నేను దాన్ని మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తేలు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నా వంక చూశాడు. నేను చూపు తిప్పలేదు. ఏదో గొప్ప మాట చెప్పి తప్పించుకుంటాడనుకున్నాను. అలా చేస్తే ఆ రాత్రికి ఆ ఇంట్లో నేనుండేదాన్ని కాదు. అది ఆయనకీ తెలుసు.

"ఆవిడ వాయించింది. వానలో వాయించింది" అన్నాడు. మైకుని ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "కొంచెం ఆలస్యంగా వచ్చిందని సరిచేయబోయి నేనే చెరిపేశాను. ఆ తర్వాత ఆ చోట నేను వాయించి, ఆవిడ పేరు పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. ఉరుము, "బటన్ నొక్కింది నేనండీ" అన్నాడు వెనకనించి. దానికి మాత్రం ఎవరో కిసుక్కుమన్నారు.

నా కోపం తగ్గిందనుకునేరు. తగ్గలేదు. ఇప్పటికీ ఆ టేపు మిషనుకి నేను వేసిన తాళం చెవి నా బస్సు తాళాల గుత్తిలోనే ఉంది. ఆయన వాయించుకోవాలంటే ఇంకో గిటార్ ఉంది, ఆయన పేరుంది, నేనేం అడ్డురాను. నా జోలికి మాత్రం రాకూడదు.

ఆ రోజు షాపులో ఇంక మాట్లాడకుండా గిటార్ భుజాన వేసుకుని, శబ్దం చివరిదాకా పెంచి, ఆఖరి పాటే మొదలెట్టాను. వేలు నొప్పెడుతోంది. పెట్టనీ అనుకున్నాను. ఆగాల్సిన చోటు వచ్చింది. తీగల్ని అరచేత్తో అదిమాను. ఉరుము కర్రలు పైకెత్తి పట్టుకున్నాడు. మా ఆయన తీగ మీద వేలు ఆనించి పట్టుకున్నాడు. లెక్క ప్రకారం రావాల్సిన సమయం దాటిపోయింది. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు, కదలట్లేదు.

వాళ్ళని ఆగనిచ్చాను. నాకు రావాలనిపించినప్పుడు వచ్చాను.